గడపల ముందు గడిచే రెండేళ్లు: మోర్మన్ మిషనరీ సేవపై చర్చ ఎంతవరకు వచ్చింది?

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపట్టీ. ప్రపంచంలోని చాలా నగరాల్లో ఈ వేషంతో జంటగా నడిచి వెళ్లే కుర్రవాళ్లు ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. వాళ్లు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం పంపిన మిషనరీలు. జనం వాళ్లను మోర్మన్లు అంటారు. తమను పూర్తి పేరుతోనే పిలవమని సంఘం 2018 నుంచి గట్టిగా కోరుతోంది. అయితే ఈ విషయం మీద వచ్చిన పరిశోధన దాదాపు అంతా పాత పేరుతోనే ఉంది కాబట్టి ఇక్కడ ఆ పేరు వాడక తప్పడం లేదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో చదువు పక్కన పెట్టి, జీతం లేకుండా, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి, రోజంతా అపరిచితులతో దేవుడి గురించి మాట్లాడే ఈ సేవ మంచిదా, చెడ్డదా అన్న వాదన చాలా కాలంగా నడుస్తోంది. సంఘం పెరుగుదలకు ఇదే ప్రాణమని కొందరు అంటారు. పిల్లలను పెద్దవాళ్లను చేసే బడి ఇదని మరికొందరి మాట. లేత మనసుల మీద మోయలేని బరువు పెట్టడమేనన్నది ఇంకొందరి ఆరోపణ.

ఈ ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు కనిపిస్తారు గానీ నిజానికి ఇక్కడ ప్రశ్నలే మూడు. ఈ సేవ వల్ల సంఘం పెరుగుతోందా? వెళ్లిన మనిషికి ఏమవుతోంది? తలుపు తీసిన మనిషికి ఏమవుతోంది? మూడింటినీ ఒకే కొలతతో, అంటే ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారన్న లెక్కతో కొలవడం వల్లే చర్చ ఇంతగా చిక్కుపడిందని నా అభిప్రాయం. మిషనరీ పడే కష్టంలో పెద్ద భాగం ఆ లెక్క నుంచే వస్తోంది. అతనికి దక్కే ఫలం మాత్రం చాలావరకు ఆ లెక్కలో కనిపించనే కనిపించదు. దొరికిన ఆధారాలు ఈ మాటను ఎంతవరకు నిలబెడతాయో చూద్దాం.

పెళ్లయిన రైతుల నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల దాకా

1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ ఈ సంఘాన్ని స్థాపించాడు. ఆ వేసవిలోనే అతని తమ్ముడు శామ్యూల్ సంచిలో మోర్మన్ గ్రంథం ప్రతులు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకు బయలుదేరాడు. 1837లో హీబర్ కింబల్ బృందం ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ చేరింది. కార్మికవాడల్లో ఆ బృందానికి దొరికిన ఆదరణ తర్వాతి కాలంలో వేలమందిని అమెరికాకు వలస నడిపించింది. ఆ తరం మిషనరీలు ఎక్కువగా పెళ్లయినవాళ్లు, పిల్లల తండ్రులు. చేతిలో డబ్బు లేకుండా బయలుదేరి, దొరికిన ఇంట్లో తిని, దొరికిన చోట పడుకునేవారు. వాళ్ల సేవకు అసలు ఖర్చు భరించింది ఇంటి దగ్గర పొలాన్ని, పిల్లలను చూసుకున్న భార్యలు. త్యాగం గురించి రాసిన చరిత్రల్లో ఆ స్త్రీల వాటా ఇప్పటికీ తక్కువగానే కనిపిస్తుంది. 1850 దశకంలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల దాకా వచ్చిన మిషనరీలు కూడా ఉన్నారు. ఆ ప్రయత్నం ఇక్కడ వేరూనలేదు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఈ బాధ్యత పెళ్లికాని యువకుల మీదికి మారింది. యోగ్యుడైన ప్రతి యువకుడూ వెళ్లాల్సిందేనని సంఘాధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ 1974లో ఇచ్చిన పిలుపుతో అది పరువు మర్యాదలతో ముడిపడిన కర్తవ్యమైంది. నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వకూడదన్న నిషేధం 1978 జూన్‌లో తొలగింది. అంతదాకా చాలావరకు మూసి ఉన్న ఆఫ్రికా ద్వారం అలా తెరుచుకుంది. ఆ నిషేధం నడిచిన శతాబ్దానికి పైగా కాలంలో, ‘సర్వజనులకూ సువార్త’ అన్న మాటకూ ఆచరణకూ మధ్య ఎంత ఎడం ఉందో మిషనరీ చరిత్ర రాసేవాళ్లు దాటవేయకూడదు. 1982లో పురుషుల సేవాకాలాన్ని 18 నెలలకు తగ్గించి చూశారు. మూడేళ్లు తిరగకముందే మళ్లీ 24 నెలలు చేశారు. స్త్రీలకు 18 నెలలే. 2012 అక్టోబరులో అధ్యక్షుడు థామస్ మాన్సన్ కనీస వయసును పురుషులకు 19 నుంచి 18కి, స్త్రీలకు 21 నుంచి 19కి దించాడు. 2025 నవంబరులో స్త్రీలకు కూడా 18 చేశారు. ఈ మార్పుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది 2012 నాటిది. ఎందుకంటే, ఎవరూ ఆ ఉద్దేశంతో చేయకపోయినా, ఈ చర్చకు అది ఒక పెద్ద పరీక్షలా ఉపయోగపడింది.

ఆరున్నర నుంచి పదిన్నర వరకు

వాదనల్లోకి వెళ్లేముందు ఆ రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. దశాబ్దాలపాటు నడిచిన దినచర్య ఇది. ఉదయం ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. ఎనిమిదింటి నుంచి గంటసేపు ఎవరికి వారు లేఖనాలు చదువుకోవాలి. తర్వాత ఇద్దరూ కలిసి మరో గంట పాఠాలు సిద్ధం చేసుకోవాలి. పరాయి భాషా ప్రాంతమైతే ఆ భాషకు ఇంకొంత సమయం. పదింటికల్లా వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు గది చేరి, రేపటి ప్రణాళిక రాసుకుని, పదిన్నరకు లైటు ఆర్పేయాలి. 2017 నుంచి స్థానిక పరిస్థితిని బట్టి ఈ వేళలు అటూ ఇటూ జరుపుకునే వెసులుబాటు ఇచ్చారు గానీ చట్రం అదే. వారానికి ఒక ‘సన్నాహక దినం’ ఉంటుంది. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, క్షౌరం, ఇంటికి ఉత్తరం అన్నీ ఆ రోజే. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోను చేసుకునే అవకాశం ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కూ అమ్మల దినానికీ. ఇప్పుడు వారం వారం మాట్లాడుకోవచ్చు. బయటివాళ్లకు ఇది చిన్న సడలింపులా అనిపిస్తుంది. ఇంటి మీద బెంగతో కుమిలిపోయే పంతొమ్మిదేళ్ల పిల్లకు ఇంతకంటే పెద్ద సంస్కరణ మరొకటి ఉండదు.

ఈ జీవితంలో అన్నిటికన్నా విచిత్రమైన ఏర్పాటు సహచరుడు. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. స్నానాల గది తప్ప ఎక్కడికి వెళ్లినా ఇద్దరూ ఒకరి కంటికి ఒకరు కనిపించాలి, ఒకే గదిలో పడుకోవాలి. ఆ సహచరుడిని ఎంచుకునే హక్కు లేదు. మిషను అధ్యక్షుడు ఎవరిని జతచేస్తే వాళ్లే. దాదాపు ఆరు వారాలకోసారి బదిలీలు వస్తాయి. అప్పుడు సహచరుడు మారవచ్చు, ఊరే మారవచ్చు. ఐడహో పొలాల్లో పెరిగిన కుర్రాడికీ టోంగా ద్వీపం నుంచి వచ్చినవాడికీ ఒకే వంటగది, ఒకే డబ్బు లెక్క. మాజీ మిషనరీల జ్ఞాపకాల్లో దేవుడి తర్వాత ఎక్కువ పుటలు ఆక్రమించేది ఈ సహచరులే. ప్రమాదం నుంచీ, ప్రలోభం నుంచీ, పిచ్చెక్కించే ఒంటరితనం నుంచీ కాపాడేది ఈ నియమమే. తనతో తాను ఉండే ఒక్క క్షణం కూడా మిగల్చనిది కూడా ఇదే. మనసు బాగోలేని రోజున ఒక పార్కు బెంచీ మీద ఒంటరిగా పదినిమిషాలు కూర్చోవడానికి కూడా వీలుండదు.

ఇక తలుపుల సంగతి. శిక్షణ కేంద్రంలో కొద్ది వారాలు నేర్చుకున్న భాషలో ఒక వాక్యం బట్టీపట్టి తలుపు తడతాడు. లోపలినుంచి వచ్చిన మనిషి మామూలు వేగంతో ఏదో అంటుంది. అందులో ఒక్క ముక్క అర్థం కాదు. పక్కనున్న సహచరుడు అందుకుని ఏదో చెబుతాడు. తలుపు మూసుకుంటుంది. పక్కిల్లు. ఇలా మధ్యాహ్నమంతా. ఎవరైనా లోపలికి పిలిచినా ఇబ్బంది అక్కడితో తీరదు. సంఘం పాటించే ‘జ్ఞాన వాక్యము’ ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. హైదరాబాదులో గడప దాటి వచ్చినవాడికి చాయ్ ఇవ్వకపోతే అమర్యాద. ఇచ్చినది తాగకపోతే అంతకంటే అమర్యాద. ఆ గ్లాసును నొప్పించకుండా తిప్పి పంపడం ఇక్కడ పనిచేసే మిషనరీ మొదటి వారంలోనే నేర్చుకోవలసిన విద్య. కొన్ని పాఠాల తర్వాత ఆ ఇంటివాళ్లనే టీ మానెయ్యమని, ఆదాయంలో పదోవంతు సంఘానికి ఇవ్వమని, ఆదివారం పనికి వెళ్లొద్దని అడగాలి. తన తండ్రి వయసువాడిని ఇలా అడగడానికి పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఎంత ధైర్యం కావాలో, వినేవాడికి ఎంత ఓపిక కావాలో రెండూ ఆలోచించాలి.

వారం చివర లెక్కలు పంపాలి. ఎన్ని పాఠాలు చెప్పారు, ఎంతమంది ఆదివారం ఆరాధనకు వచ్చారు, ఎంతమంది బాప్తిస్మానికి తేదీ ఒప్పుకున్నారు. రోజంతా వానలో తడిసి, నడుము పడిపోయిన ముసలాయన ఇంట్లో గిన్నెలు తోమి, ఆయనతో గంట మాట్లాడి వచ్చిన జంట లెక్కల పత్రంలో సున్నా రాయాల్సి రావచ్చు. నా వాదనంతా ఆ సున్నా గురించే.

పెరుగుదల వాదం, సంస్కార వాదం, గాయం వాదం

మొదటి వాదం సంఘ నాయకత్వానిది. మిషనరీలు పెరిగితే సభ్యులు పెరుగుతారని ఆ వాదం. దీనికి ఒక దశలో విద్వత్ లోకం నుంచి కూడా బలం వచ్చింది. ఇదే వేగం సాగితే 2080 నాటికి మోర్మన్లు 26 కోట్లు దాటవచ్చని, తక్కువలో తక్కువ 6 కోట్లు దాటుతారని సామాజిక శాస్త్రవేత్త రోడ్నీ స్టార్క్ 1984లో అంచనా కట్టాడు. ఆ అంచనాను సంఘాభిమానులు ఎంతో ఇష్టంగా ఉటంకించారు. అదే స్టార్క్, విలియం బైన్‌బ్రిడ్జితో కలిసి 1980లో ప్రకటించిన మరో పరిశోధనను మాత్రం అంతగా తలచుకోలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక మిషను రికార్డులు చూస్తే, తెలియని ఇంటి తలుపు తట్టినప్పుడు ఫలితం వెయ్యికి ఒకటి. మోర్మన్ స్నేహితుడి ఇంట్లోనే మిషనరీలను కలిసినప్పుడు సగానికి సగం. స్నేహితుడి ఇంటికి వచ్చి పాఠం వినడానికి ఒప్పుకున్నవాడు అప్పటికే సగం దారి నడిచి ఉంటాడు కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. అయినా ఆ తేడా మరీ పెద్దది. మతం మనిషి నుంచి మనిషికి, ఉన్న బంధాల మీదుగా ప్రయాణిస్తుందని అది చెబుతోంది.

రెండో వాదం ప్రకారం ఈ సేవలో తయారయ్యే అసలు సరుకు మిషనరీయే. కవల సోదరులు, ఇద్దరూ సామాజిక శాస్త్రవేత్తలు అయిన గోర్డన్ షెపర్డ్, గ్యారీ షెపర్డ్ తాము 1960లలో మెక్సికోలో సేవచేసినప్పటి డైరీలు, ఉత్తరాల ఆధారంగా 1998లో ఒక పుస్తకం ప్రచురించారు. బాల్యం నుంచి పెద్దరికంలోకి దాటించే సంస్కారంగా మిషను పనిచేస్తుందని వాళ్ల విశ్లేషణ. ఇంటి నుంచి వేరుచేస్తారు, కొత్త పేరు పెడతారు (పేరుకు ముందు ‘ఎల్డర్’ లేదా ‘సిస్టర్’), కష్టపెడతారు, తిరిగొచ్చాక గౌరవంతో చేర్చుకుంటారు. జీతం తీసుకునే పాస్టర్లు లేని ఈ సంఘంలో బిషప్పులు, పాఠాలు చెప్పేవాళ్లు, పద్దులు చూసేవాళ్లు అందరూ మామూలు సభ్యులే. వాళ్లకు దొరికే ఏకైక దీర్ఘశిక్షణ మిషనే. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, గొడవపడిన సహచరుడితో మర్నాడు పొద్దున్నే కలిసి పనిచేయడం, మరో భాషలో ఒకరి కన్నీటి కథ విని నోరు జారకుండా దాచుకోవడం అక్కడ నేర్చినవే. ఈ వాదంలో చాలా బలం ఉంది. అయితే ఇది పూర్తిచేసి వచ్చినవాళ్ల కథ. మధ్యలో వచ్చేసినవాళ్ల కథ ఇందులో లేదు.

మూడో వాదం అక్కడే మొదలవుతుంది. అనారోగ్యం వల్లో, దిగులు వల్లో, తప్పు ఒప్పుకోవడం వల్లో గడువుకు ముందే ఇంటికి వచ్చినవాళ్ల గురించి యూటా వ్యాలీ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ డోటీ జరిపిన పరిశోధనలో, అడిగినవాళ్లలో నూటికి 73 మంది తమను తాము విఫలులుగా భావించినట్టు తేలింది. మానసిక అస్వస్థతతో వచ్చినవాళ్లకు కూడా ఆ భావన ఉందంటే దాన్ని వ్యక్తి బలహీనతగా కొట్టిపారేయలేం. కాలు విరిగి వచ్చినవాడికి పూలదండ, మనసు విరిగి వచ్చినవాడికి గుసగుసలు. సంఘం ఈ విమర్శను పూర్తిగా పెడచెవిన పెట్టిందనడం కూడా సరికాదు. 2013లో మిషనరీ జీవితానికి అలవాటు పడటం గురించి ఒక చిన్న పుస్తకం తెచ్చింది. ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు స్థాయులుగా విడదీసి, ఏ స్థాయిలో ఏం చేయాలో, ఎవరి సాయం కోరాలో అందులో చెప్పింది. ఇంటి దగ్గరే ఉండి ఆసుపత్రుల్లో, ఆహార కేంద్రాల్లో సేవచేసే ‘సర్వీస్ మిషను’ను ప్రచార సేవతో సమానంగా గౌరవించడం కూడా మొదలుపెట్టింది. సాటి సభ్యుల చూపు మారడానికి మాత్రం ఇంకా కాలం పడుతుంది.

మూడు వాదాలనూ పక్కపక్కన ఉంచితే ఒక విషయం తేటపడుతుంది. పెరుగుదల వాదం అంకెలను చూస్తుంది, మనిషిని చూడదు. సంస్కార వాదం మనిషిని చూస్తుంది, కానీ గెలిచి వచ్చిన మనిషినే. గాయం వాదం ఓడినవాడిని చూస్తుంది గానీ, అతన్ని గాయపరిచిన దినచర్యే మరొకడిని ఎందుకు నిలబెట్టిందో చెప్పలేదు. తలుపు తీసిన గృహస్థుడు మూడింటిలోనూ దాదాపు కనిపించడు.

2012 పెట్టిన పరీక్ష

వయసు తగ్గించినప్పుడు ఏం జరిగిందో సంఘం తానే ప్రకటించిన వార్షిక లెక్కలు చెబుతాయి. 2012 చివర మిషనరీలు సుమారు 59 వేలు. 2014 చివరికి 85 వేలు దాటారు. అంటే నూటికి 44 పెరుగుదల. అదే కాలంలో ఏటా మతంలో చేరినవాళ్ల సంఖ్య 2 లక్షల 72 వేల నుంచి 2 లక్షల 97 వేలకు పెరిగింది. ఇది నూటికి తొమ్మిదే. మిషనరీ ఒక్కరికి చూస్తే 4.6 నుంచి 3.5కి పడిపోయింది. ఇంకా వెనక్కి, 1990కి వెళితే దాదాపు 44 వేల మంది మిషనరీలతో 3 లక్షల 30 వేల బాప్తిస్మాలు జరిగాయి. తలకు ఏడున్నర. కొత్తగా వచ్చినవాళ్లకు అనుభవం తక్కువ, ఒక్కసారిగా ఇంతమందికి నేర్పే పెద్దలు చాల్లేదు అన్న సమాధానంలో కొంత నిజం ఉంది. కానీ మిషనరీలను పెంచితే చాలు, ఫలితం అదే నిష్పత్తిలో పెరుగుతుందన్న నమ్మకం ఈ అంకెల ముందు నిలబడదు.

దీనికి ఎదురు ఆధారం కూడా ఉంది. 2024లో సుమారు 74 వేల మంది మిషనరీలతో 3 లక్షల 8 వేల బాప్తిస్మాలు నమోదయ్యాయి. అది మంచి పెరుగుదలే. పెరుగుదల వాదం గెలిచినట్టేనా? 2014 కంటే 11 వేల మంది తక్కువతో ఎక్కువ ఫలితం వచ్చిందంటే, ఫలితాన్ని నిర్ణయించేది తలుపులు తట్టే చేతుల సంఖ్య కాదన్నమాటే మళ్లీ రుజువైంది. పాదం మోపిన నేల, ఆ దేశపు ఆర్థిక స్థితి, అక్కడ ఇప్పటికే ఉన్న సభ్యుల బంధుత్వాలు, ఇవన్నీ మిషనరీ చేతిలో లేనివి. పశ్చిమ ఐరోపాలో రెండేళ్లు చెమటోడ్చి ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేకపోయినవాడు, పశ్చిమాఫ్రికాలో పదులమందికి ఇచ్చినవాడికంటే సోమరి అనుకోవడం అన్యాయం.

అంకెలే గురిగా పెట్టుకుంటే ఏమవుతుందో చరిత్ర రెండుసార్లు గట్టిగా చెప్పింది. 1960ల తొలినాళ్లలో బ్రిటన్‌లో బేస్‌బాల్ జట్లలో చేరే పిల్లలకు అందులో భాగమన్నట్టుగా బాప్తిస్మాలు ఇచ్చిన ఉదంతాన్ని చరిత్రకారుడు మైఖేల్ క్విన్ 1993లో వివరంగా రాశాడు. తాము ఏ మతంలో చేరారో కూడా తెలియని పిల్లలు సంఘం జాబితాలకెక్కారు. ఆ బేస్‌బాల్ బాప్తిస్మాల కాలంలో అక్కడ పనిచేసిన మిషనరీల్లో కొందరు తమ మనస్సాక్షితో పోరాడాల్సి వచ్చింది. రెండోది చిలీ. 2002 జనగణనలో తాము మోర్మన్లమని చెప్పుకున్నవాళ్లు లక్షా 4 వేలు కూడా లేరు. సంఘం రికార్డుల్లో అప్పటికి 5 లక్షలకు పైగా ఉన్నారు. ఆ ఏడే అపొస్తలుడు జెఫ్రీ హోలండ్‌ను రెండేళ్లపాటు చిలీలోనే ఉంచి పరిస్థితి చక్కదిద్దమని నాయకత్వం పంపింది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఒక స్నేహితుడు, ఒక బాధ్యత, వాక్యపోషణ కావాలని అధ్యక్షుడు గోర్డన్ హింక్లీ 1997లోనే హెచ్చరించాడు. ఆ మూడింటిలో ఏదీ వారాంతపు లెక్కల పత్రంలో గడిగా లేదు.

హైదరాబాదు అనుభవం

తెలుగునాట ఈ సంఘం ఎలా వేళ్లూనుకుందో చూస్తే బంధాల మాట మరింత బలపడుతుంది. సమోవాలో కీటక శాస్త్రవేత్తగా పనిచేస్తూ అక్కడే ఈ మతంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ 1978లో స్వల్పకాలిక మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. ఆ డిసెంబరులో బాప్తిస్మం పొందిన 22 మందీ వాళ్ల బంధువర్గంలోనివారే. ఎల్సీ తండ్రి, ప్రొటెస్టెంటు పాస్టరు అయిన శ్రీనివాసం మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తేవడానికి పూనుకున్నాడు. వీధి వీధీ తిరిగే జంటలు, నల్ల పేరుపట్టీలు ఏవీ లేకముందే, భోజనాల బల్ల దగ్గర ఒక కుటుంబం మొత్తం వింది, వాదించుకుంది, నిర్ణయించుకుంది. 1993లో బెంగళూరు కేంద్రంగా భారతదేశానికి ప్రత్యేక మిషను వచ్చింది. 2012లో హైదరాబాదులో దేశంలోనే మొదటి స్టేకు, అంటే పూర్తిస్థాయి ప్రాంతీయ సంఘం ఏర్పడింది. హైదరాబాదు, రాజమండ్రి, విశాఖపట్నం వంటి చోట్ల పెరిగిన సంఘాలనుంచే ఇప్పుడు తెలుగు యువతీయువకులు దేశంలోని ఇతర ప్రాంతాలకు మిషనరీలుగా వెళుతున్నారు. అమెరికా కుర్రాడికి భాష కొత్త. మన పిల్లవాడికి వేరే కష్టాలున్నాయి. చేతికి అందివస్తున్న కొడుకు రెండేళ్లు సంపాదన లేకుండా తిరగడాన్ని ఒప్పుకోని ఇల్లు, ఇంజనీరింగు మధ్యలో వచ్చే ఖాళీ, తిరిగొచ్చాక ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఆ ఖాళీ గురించి అడిగే ప్రశ్న. ఈ వైపు నుంచి జరిగిన పరిశోధన దాదాపు కనిపించదు. ఈ విషయం మీద వచ్చిన సాహిత్యమంతా అమెరికా కుర్రాడి కళ్లతో లోకాన్ని చూసిందే.

అభ్యంతరాలు

నా వాదన మీద రావలసిన మొదటి అభ్యంతరం బరువైనది. బాప్తిస్మాల లెక్క తీసేసి, మిషను ఫలం మిషనరీలోనే ఉందంటే, ఇక తలుపు తీసిన మనిషి ఏమైనట్టు? ఎవరో కుర్రాడు పెద్దవాడవడానికి ఆవిడ ఒక పనిముట్టు అయినట్టేగా? ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. అయితే లెక్కల పద్ధతిలోనే ఆమె ఎక్కువగా పనిముట్టు అవుతుందని నా సమాధానం. అక్కడ ఆమె ఒక తేదీ, ఒక గడిలో ఒక అంకె. లెక్క ఒత్తిడి లేని మిషనరీ ‘వద్దు’ అన్న మాటను ‘వద్దు’గానే వినగలడు, మళ్లీ రాకుండా ఉండగలడు, లేదా ఆమెకు సాయం కావాలంటే ఆ సాయమే చేసి వెళ్లగలడు. నేర్చుకునేవారిని ‘పరిశోధకులు’ అనడం మానేసి ‘మిత్రులు’ అనమని ఇటీవలి సంవత్సరాల్లో సంఘం చెబుతోంది. ఆ పిలుపు నిజం కావాలంటే బాప్తిస్మానికి రాని మిత్రుడు కూడా మిత్రుడిగానే మిగలాలి.

మన దేశంలో ఈ అభ్యంతరానికి చట్టం రూపం కూడా ఉంది. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. ఆ హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు గీసిన గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో న్యాయకోవిదులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. పైగా ఇక్కడ దళిత కుటుంబం క్రైస్తవంలోకి వెళితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డు కులపు హోదా పోతుంది. ఆ నిర్ణయం తాలూకు భారం రెండేళ్లకు వెళ్లిపోయే మిషనరీ మీద పడదు, ఊళ్లో మిగిలేవాళ్ల మీద పడుతుంది. ఒక మనిషి నమ్మకం మార్చుకునే స్వేచ్ఛను నేను పూర్తిగా గౌరవిస్తాను. ఆ స్వేచ్ఛకు ఉన్న ధర ఏమిటో ముందే చెప్పడం చెప్పేవాడి ధర్మం.

రెండో అభ్యంతరం విశ్వాసుల నుంచి వస్తుంది. రక్షణ సువార్త ప్రకటించడమే ఈ సేవ ఉద్దేశం, వ్యక్తిత్వ వికాసం కాదు. ఫలితాలు చూడకపోతే బద్ధకం పెరుగుతుంది అంటారు. లెక్క పూర్తిగా ఎత్తేయాలని నేను అనడం లేదు. ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లారు, నిరుడు చేరినవాళ్లలో ఈ ఏడు ఎంతమంది ఆరాధనకు వస్తున్నారు అన్నవి కూడా లెక్కలే. ఇవి మిషనరీ చేతిలో ఉన్నదాన్నీ, సంఘం నిజంగా పెరిగిందా లేదా అన్నదాన్నీ కొలుస్తాయి. ఎదుటి మనిషి గుండెలో జరిగే నిర్ణయాన్ని పద్దెనిమిదేళ్ల పిల్లవాడి ప్రతిభగా లెక్కకట్టడం మాత్రం మోర్మన్ వేదాంతానికే పడదు. మనిషి ఎంపిక స్వేచ్ఛ దేవుడిచ్చిందని ఆ వేదాంతంలో మూలసూత్రం.

మూడోది, అసలు ఇది స్వచ్ఛందమేనా అన్న ప్రశ్న. కాగితం మీద స్వచ్ఛందమే. ఖర్చు కూడా కుటుంబాలదే. అమెరికాలో నెలకు 400 డాలర్లున్న వాటా 2020 జులైలో 500 అయింది. కానీ వెళ్లని యువకుడిని ఊరు చూసే చూపు, పెళ్లి సంబంధాల దగ్గర ‘మిషను చేశాడా?’ అన్న ప్రశ్న, ఇవి ఒత్తిళ్లే. ఇక్కడ స్త్రీల సంగతి ఒక దారి చూపిస్తుంది. వాళ్లకు అది కర్తవ్యం కాదు, ఆహ్వానం మాత్రమే అని సంఘం మొదటినుంచీ చెబుతూ వచ్చింది. అయినా 2012 తర్వాత వాళ్ల సంఖ్య ఎన్నడూ లేనంతగా పెరిగింది. నాయకత్వ పాత్రలు కూడా 2013లో కొంత తెరుచుకున్నాయి. బలవంతపు చూపు లేకపోతే ఎవరూ వెళ్లరన్న భయం అబద్ధమని ఆ అమ్మాయిలే చూపించారు.

ఇంకా తేలనివి

గడువుకు ముందు తిరిగొచ్చినవాళ్లు ఏటా ఎంతమందో సంఘం ప్రకటించదు. అది తెలియకుండా గాయం వాదాన్ని ఎవరూ సరిగ్గా తూకం వేయలేరు. వయసు 18కి తగ్గించడం వల్ల ఇల్లు వదిలిన అనుభవమే లేని పిల్లలు వెళుతున్నారు. అది మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది తేల్చడానికి మరో తరం సమయం పట్టవచ్చు. 2020లో మహమ్మారి వేలాది మిషనరీలను ఇళ్లకు పంపించినప్పుడు ఫోను, ఫేస్‌బుక్ మీదుగా పాఠాలు చెప్పడం అలవాటైంది. తలుపు తట్టే పని క్రమంగా తగ్గుతోంది. అప్పుడు తిరస్కారం బాధ తగ్గుతుందా, లేక ముఖం కూడా చూడకుండా మూసేసే తెర మరింత బాధిస్తుందా అన్నది కొత్త ప్రశ్న. అన్నిటికన్నా పెద్ద లోటు తలుపు అవతలి మనిషి. పాఠాలు విని చేరనివాళ్లు, చేరి వదిలేసినవాళ్లు, చేరి నిలిచినవాళ్లు ఈ ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగిన సమగ్ర అధ్యయనం ఈ చర్చలో ఇప్పటికీ లేదు.

సంఘం తన చేతిలో ఉన్న రెండు పనులు చేయగలదు. ముందుగా వచ్చేసినవాళ్ల సంఖ్యను ప్రకటించడం ఒకటి. వారాంతపు పత్రంలో బాప్తిస్మపు తేదీల గడి స్థానంలో నిరుడు చేరినవారి హాజరును పెట్టడం రెండోది. పరిశోధకులు, ముఖ్యంగా హైదరాబాదులోనూ రాజమండ్రిలోనూ ఈ సంఘాలను దగ్గరినుంచి చూడగలిగినవాళ్లు, తలుపు అవతలి మనిషిని అడగడం మొదలుపెట్టాలి. ఆ సమాధానాలు వచ్చేదాకా ఈ సేవ మొత్తం మీద ఎవరిచ్చే తీర్పయినా సగం సాక్ష్యం వినకుండా ఇచ్చిందే అవుతుంది.